నవలలు ఎందుకు చదవాలంటే

చిరంజీవి రవికి పెద్దమ్మ ఆశీస్సులు.

"నవలలు టైంపాస్‌కే కదా పెద్దమ్మా, మనుషుల్ని అర్థం చేసుకోవడానికి సైకాలజీ పుస్తకాలు చాలవా?" అని అడిగావు. నన్నడిగితే చాలవు. వివక్ష తప్పు అని వ్యాసం చెబుతుంది. ఆ సంగతి నీకు ముందే తెలుసు కాబట్టి, తలూపి పుస్తకం పక్కన పెట్టేస్తావు. కథలో అయితే ఆ వివక్ష జరిగే ఇంట్లో నువ్వూ కొన్నాళ్లు కాపురం ఉండాలి.

అలాగని ఒక్క కథతో మనసు మారిపోతుందంటే నమ్మకు. మంచి కథ కాసేపు చదివితే చాలు, ఎదుటివాళ్ల మనసు పసిగట్టే శక్తి పెరుగుతుందని 2013లో సైన్స్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. తర్వాత వేరేవాళ్లు అదే పరీక్ష మళ్లీ చేస్తే ఆ ఫలితం నిలబడలేదు. నాకైతే ఆశ్చర్యం వేయలేదు. సీరియళ్లు చూస్తూ ధారగా ఏడ్చి, పనమ్మాయికి గ్లాసు వేరేగా పెట్టేవాళ్లు మన చుట్టాల్లోనే లేరూ?

కాబట్టి ఎలా చదువుతామన్నదే అసలు సంగతి. ఉన్నవ లక్ష్మీనారాయణ గారు 1922లో జైల్లో ఉండి రాసిన 'మాలపల్లి' తీసుకో. మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది కూడా. అందులో సంగదాసు అనే దళిత యువకుడు భూస్వామి చౌదరయ్య కొట్టిన దెబ్బకు చనిపోతాడు. అక్కడ నీకు ఏడుపొస్తుంది, రానీ. కానీ అక్కడే ఆగిపోకు. వెనక్కి వెళ్లి చౌదరయ్య వచ్చే పేజీలు మళ్లీ చదువు. అతను రాక్షసుడేం కాదు, తన ఆస్తి తాను కాపాడుకుంటున్నానని అనుకునే గృహస్థు. అతని మాటల్లో ఏవి మన ఇంట్లో విన్నావో పెన్సిలుతో గీత పెట్టుకో. ఈ పని కాస్త ఇబ్బందిగానే ఉంటుంది.

ఇంకో మాట. ఎవరి గురించి రాశారో వాళ్లే రాసినవి కూడా చదవాలి. ఉన్నవ గారి మనసు గొప్పదే, అయినా ఆయన చూసింది బయటి నుంచి. దళిత రచయిత కొలకలూరి ఇనాక్ గారి 'ఊరబావి' కథ చదువు. ఊరి బావి నీళ్ల కోసం జరిగే గొడవ అది. జాలిపడే అవకాశం ఆ కథ నీకివ్వదు, కోపం మాత్రం తెప్పిస్తుంది. జాలి ఎప్పుడూ పైనుంచి కిందికే చూస్తుంది కాబట్టి నాకు ఆ కోపం మీదే గురి.

ఓల్గా గారి 'సమాగమం' కథలో లవకుశులు అడవిలో ఒక అందమైన తోట చూసొచ్చి, అక్కడున్న ఆవిడ రూపం గురించి అసహ్యంగా చెబుతారు. ఆవిడ శూర్పణఖ. సీత వెళ్లి ఆమెను కలుస్తుంది. చిన్నప్పటి నుంచి విన్న కథలో మనం ఎవర్ని చూసి నవ్వామో అప్పుడు గుర్తొస్తుంది.

వరసపెట్టి చదివేయాలని టెన్షన్ పెట్టుకోకు. నెలకొకటి చాలు. ముందు ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' పట్టు. కావలిలో ఒక ముస్లిం పిల్లాడి బాల్యం, కడుపుబ్బ నవ్విస్తుంది. నెల్లూరు యాస కొత్తగా అనిపిస్తే పైకి చదువు, నోటికి అలవాటైపోతుంది. నచ్చని కథ ఉంటే ఎందుకు నచ్చలేదో నాకు ఫోన్ చేసి చెప్పు, పోట్లాడుకుందాం.

'మాలపల్లి' మాత్రం కొనకు. సంక్రాంతికి వచ్చినప్పుడు నాది తీసుకెళ్లు. అట్ట ఊడిపోయింది, జాగ్రత్త.

మీ పెద్దమ్మ