పరిశోధన రోడ్డెక్కేది ఎప్పుడు?

ప్రశ్న: రహదారుల శాఖలో సిబ్బంది శిక్షణ బాధ్యత నాది. ఏటా ఆచార్యులను పిలిపించి రెండు రోజుల తరగతులు పెడుతున్నాము, పరిశోధన నివేదికలు అచ్చు వేసి పంచుతున్నాము. అయినా సైటులో పని పాత పద్ధతిలోనే సాగుతోంది. లోపం ఎక్కడుంది?

జవాబు: వినేవారిలో కన్నా తరగతిని రూపొందించిన తీరులోనే లోపం ఎక్కువని నా అభిప్రాయం. పరిశోధకుడు తాను ఏమి కనుగొన్నాడో చెబుతాడు. రేపు ఉదయం తారు వేయించవలసిన పర్యవేక్షకుడికి మాత్రం తాను ఏ పనిని ఎలా మార్చుకోవాలో తెలియాలి.

రోలింగ్ సంగతే చూడండి. తారు మిశ్రమం చల్లారిపోయాక రోలరును ఎన్నిసార్లు తిప్పినా లోపలి గాలి ఖాళీలు సరిగా తగ్గవు, ఆ ఖాళీల్లోకి నీరు దిగి పొర త్వరగా పాడవుతుంది. ఖాళీలు 7 శాతం దాటాక, ఆపై పెరిగే ఒక్కో శాతానికి పొర ఆయుష్షు సుమారు పదో వంతు తగ్గుతుందని ఈ రంగంలో చెప్పుకునే లెక్క. దీనిని తెరమీద గీతలుగా చూపితే ఇంజనీరు తల ఊపుతాడు, అంతటితో సరి. అదే సైటులో రోలరు డ్రైవరు చేతికి థర్మామీటరు ఇచ్చి, తారు మిశ్రమాన్ని పరిచే యంత్రం (పేవర్) వెనుక వేడి ఎంత త్వరగా పడిపోతోందో అతని చేతనే కొలిపించండి. వేడిమీద నొక్కిన చోటు నుంచి ఒక ముక్క, ఆలస్యంగా నొక్కిన చోటు నుంచి మరొక ముక్క కోసి తీయించి పక్కపక్కన పెట్టండి. రెండో దానిలోని సందులు కంటికే కనబడతాయి. మన తరగతులకు రోలరు డ్రైవరును పిలిచిన సందర్భాలు ఎన్ని ఉన్నాయో మీకే తెలుసు.

ఎవరిని పిలవాలన్నది అంత ముఖ్యమైన విషయం. అమెరికాలో రెండో వ్యూహాత్మక రహదారి పరిశోధన కార్యక్రమం కింద, ప్రమాద స్థలాన్ని త్వరగా, సురక్షితంగా చక్కదిద్దడంపై తయారైన శిక్షణలో పోలీసులను, అగ్నిమాపక సిబ్బందిని, అంబులెన్సు వారిని, పాడైన వాహనాలను లాగే వారిని ఒకే గదిలో కూర్చోబెట్టారు. రోడ్డుమీద కలిసి పనిచేయవలసినవారు విడివిడిగా నేర్చుకుంటే ప్రయోజనం తక్కువ. ఆ శిక్షణ పొందినవారిలో కొందరిని శిక్షకులుగా తయారు చేసి పంపడం వల్ల అది దేశమంతటా విస్తరించింది. సొంతంగా పరిశోధన చేయించుకోలేని చిన్న స్థానిక సంస్థల కోసం అక్కడే 1982లో మరొక సాంకేతిక సహాయ కార్యక్రమం మొదలై నేటికీ నడుస్తోంది.

ఇక రెండో అడ్డంకి కాగితాలది. తరగతిలో కొత్త పద్ధతి నేర్చుకున్న ఇంజనీరు తిరిగి వెళ్లేసరికి టెండరు షరతుల్లో పాత పద్ధతే ఉంటే, ఆడిట్ అభ్యంతరాలకు భయపడి అతడు పాతదాన్నే అనుసరిస్తాడు, అందుకు అతనిని తప్పుపట్టలేము. కనుక ముందు నిబంధన సవరించి, ఆ తరువాతే తరగతి తేదీ ఖరారు చేయండి.

తరగతి చివర నింపించే అభిప్రాయ పత్రాలను పెద్దగా నమ్మకండి. ధ్రువపత్రం చేతికి అందబోయే వేళ ఎవరైనా ‘చాలా బాగుంది’ అనే రాస్తారు. మూడు నెలల తరువాత సైటుకు వెళ్లి చూడండి.

ప్రశ్న: రవాణా ఇంజనీరింగ్ బోధిస్తాను. పరిశోధన పత్రాలు చదవమంటే విద్యార్థులు సారాంశం చూసి వదిలేస్తున్నారు. ఏం చేయాలి?

జవాబు: ముందు లెక్క చేయించి, తరువాత పత్రం ఇవ్వండి. 1958 నుంచి 1960 వరకు ఇల్లినాయ్ రాష్ట్రంలోని ఒటావా దగ్గర, ప్రత్యేకంగా వేసిన రోడ్లమీద లారీలను నడిపి చేసిన పరీక్షల నుంచి, ఇరుసు బరువు పెరిగితే రోడ్డుకు కలిగే నష్టం దాదాపు నాలుగో ఘాతంలో పెరుగుతుందన్న సూత్రం వచ్చింది. 8 టన్నులు మోయవలసిన ఇరుసుమీద 10 టన్నులు వేస్తే ఏమవుతుందో వారినే లెక్కించమనండి. పెరిగిన బరువు పావు వంతే, నష్టం మాత్రం దాదాపు రెండున్నర రెట్లు. ఆ అంకె చూసి ఆశ్చర్యపోయాక, పలుచని రోడ్లకూ ఇదే ఘాతం వర్తిస్తుందా అని అడిగి మూల నివేదిక చేతికివ్వండి. ఆ జవాబు సారాంశంలో దొరకదు.