జాకెట్ సరే, లోపలికి ఏం వేసుకుంటారు?

అమెరికాలో మిన్నెసోటా, విస్కాన్సిన్ వైపు కొత్తగా వచ్చిన పిల్లలు అక్టోబరు రాగానే "అక్కా, ఏ జాకెట్ కొనాలి?" అని అడుగుతారు. మంచి జాకెట్ కొనండి, అక్కడ డబ్బుకి వెనకాడకండి. అయితే దాని కింద ఏం వేసుకోవాలో ఎవరూ అడగరు. నన్నడిగితే ఫ్లానెల్, అంటే నూగు లేపిన మెత్తటి బట్టతో కుట్టిన గళ్ళ చొక్కాలు రెండు చాలు.

జనవరిలో బయట మైనస్ 20 సెల్సియస్ ఉన్నా, ఆఫీసులో, క్లాసులో హీటింగ్ పుణ్యమా అని 20, 21 డిగ్రీలు ఉంటుంది. మనం రోజంతా ఉండేది లోపలే. మందపాటి స్వెటర్ వేసుకెళ్తే కాసేపటికే ఉక్కపోస్తుంది, తీద్దామంటే తల మీంచి లాగాలి. ఫ్లానెల్ అయితే గుండీలు విప్పి టీషర్టు మీద వదిలేయొచ్చు, చేతులు పైకి మడుచుకోవచ్చు. బట్ట నేశాక సన్నటి తీగల బ్రష్షులతో గీకి నూగు లేపుతారు. ఆ నూగులో నిలిచే గాలి వల్లే వెచ్చగా ఉంటుంది.

ఇది షోకు కోసం పుట్టిన బట్ట కాదు. మొదట్లో వేల్స్‌లో ఉన్నితో నేసేవారు. పెన్సిల్వేనియాలోని వూల్‌రిచ్ కంపెనీ 1850లో ఎరుపు, నలుపు పెద్ద గళ్ళ చొక్కా తెచ్చింది. అడవుల్లో చెట్లు కొట్టే కూలీల గుర్తుగా అది నిలిచిపోయింది. మిన్నెసోటాలోని బెమిడ్జీ ఊరు వెళ్తే 1937లో కట్టిన పాల్ బన్యన్ విగ్రహం చూడండి, అమెరికా జానపద కథల్లోని ఆ కలప వీరుడికీ గళ్ళ చొక్కానే. 1990ల మొదట్లో సియాటిల్ రాక్ కుర్రాళ్ళు ఇదే తొడిగి స్టేజీ ఎక్కారు. 1992లో ఫ్యాషన్ డిజైనర్ మార్క్ జేకబ్స్ ఆ వేషాన్ని న్యూయార్క్ ర్యాంప్ మీదికి తెచ్చాడు, ఆ తర్వాత పెర్రీ ఎల్లిస్ కంపెనీలో ఆయన ఉద్యోగం పోయింది. చొక్కా మాత్రం ఎక్కడికీ పోలేదు. కూలీకీ, ప్రొఫెసర్‌కీ, తాతకీ, మనవరాలికీ ఒకేలా నప్పే బట్ట ఈ దేశంలో ఇంకొకటి నాకు కనపడలేదు.

కొనేటప్పుడు గళ్ళు చూసి మోసపోకండి. మామూలు పల్చటి కాటన్ మీద కూడా అవే గళ్ళు ఉంటాయి. చొక్కా కింది అంచు తిరగేసి వేలితో రుద్దండి, నూగు తగలాలి. గళ్ళు లోపలివైపు కూడా అంతే స్పష్టంగా కనిపిస్తే, నూలుకి ముందే రంగు వేసి నేసినట్టు. చీరాల నేత రుమాళ్ళు చూసిన కళ్ళకి ఈ తేడా చెప్పక్కర్లేదు. వెనక వెలిసినట్టు ఉంటే చాలావరకు అద్దకమే. నూరు శాతం కాటన్ అయితే డ్రయర్ వేడికి కుంచించుకుపోతుంది, కాస్త వదులుగా ఉండే సైజు తీసుకోండి. తిరగేసి చన్నీళ్ళతో ఉతికి, తక్కువ వేడి మీద ఆరబెట్టండి. కొత్తదే కావాలని లేకపోతే గుడ్‌విల్ లాంటి పాత బట్టల షాపులో వెతకండి, పది ఉతుకులు పడిన ఫ్లానెల్ ఇంకా మెత్తగా ఉంటుంది.

రెండు విషయాల్లో మాత్రం గట్టిగా చెప్తాను. మంచు ఎత్తేటప్పుడు కాటన్ ఫ్లానెల్ ఒంటికి ఆనించి వేసుకోవద్దు. చెమటకి తడిస్తే వెచ్చదనం పోయి, వణుకు పుడుతుంది. లోపల ఉన్నిదో పాలిస్టరుదో థర్మల్ బనియను ఉండాలి. రెండోది, నూగు ఉన్న కాటన్‌కి నిప్పు త్వరగా అంటుకుంటుంది. గ్యాస్ స్టవ్ దగ్గర తాలింపు వేసేటప్పుడు గుండీలు విప్పి, చేతులు వేలాడేస్తూ నిలబడకండి. చేతులు పైకి మడవండి, లేదా చొక్కా తీసేయండి.

అమ్మానాన్నలు చలికాలంలో వస్తుంటే వాళ్ళకీ చెరొకటి కొని ఉంచండి. అమ్మ చీర మీద వేసుకున్నా జడ చెదరదు, మంగళసూత్రాలకి చిక్కుకోదు, భుజం నొప్పి ఉన్నా చేతులు పైకెత్తే పని లేదు. మగవాళ్ళ సైజులో కొంచెం పొడుగుది తీసుకుంటే నడుము కూడా కప్పుతుంది. షాపుల్లో జనవరి చివరికల్లా ధరలు బాగా తగ్గుతాయి. వాళ్ళు వచ్చేది వచ్చే ఏడాదైనా, అప్పుడే కొని పెట్టుకోండి.