ఒక్క నాట్, ఆరు సేబర్లు: ఒక ఇంజన్ ఫిట్టర్ జవాబు

1971 యుద్ధంలో శ్రీనగర్ మీద మన బుల్లి యుద్ధవిమానం నాట్ ఒక్కటే పాకిస్తాన్ సేబర్ జెట్లు ఆరింటితో తలపడిందంటారు, నిజమేనా, అందులో అంత గొప్పేముంది అని అడిగారు. నిజమే. ఆ పైలట్ ఫ్లయింగ్ ఆఫీసర్ నిర్మల్‌జిత్ సింగ్ సెఖాన్. వాయుసేనలో పరమవీర చక్ర ఆయన ఒక్కరికే దక్కింది, అదీ మరణానంతరం.

మాది ఒడిశాలోని కోరాపుట్ జిల్లా సునాబెడ. ఇక్కడి మిగ్ ఇంజన్ల ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాను. కాలనీలో మా తెలుగువాళ్లం కూర్చుంటే ఈ ప్రస్తావన వస్తుంది, ఎన్ని సేబర్లు కూలాయన్న దగ్గర వాదన మొదలవుతుంది. ఒకదాన్ని కొట్టి, ఇంకోదానికి నిప్పంటించారని పురస్కార పత్రం చెబుతుంది. తమవేవీ కూలలేదని పాకిస్తాన్ అంటుంది. ఆ లెక్క నాకు పెద్దగా పట్టదు. నేను చూసేది రన్‌వే వైపు.

డిసెంబర్ 14న పెషావర్ నుంచి వచ్చిన సేబర్లు బాంబులు వేస్తూ ఉండగానే, ముందు జంట నాట్‌లో సహ పైలట్ ఘుమ్మన్, వెనకే తన నాట్‌లో సెఖాన్ గాల్లోకి లేచారు. మా షాపులో ఇంజన్ లోపల గాలిని నొక్కే కంప్రెసర్ బ్లేడు అంచున వేలిగోటికి తగిలే నొక్కున్నా దాన్ని పక్కన పెట్టేవాళ్లం. ఒక్క నట్టు లెక్క తప్పినా అది దొరికేదాకా ఇంజన్ కదిలేది కాదు. అలాంటిది, రాళ్లూ పెళ్లలూ ఎగిరిపడుతున్న రన్‌వే మీద పూర్తి వేగంతో పరుగు! నాట్‌కు ఉన్నది ఒకే ఇంజన్. బుల్లి విమానం కాబట్టి గాలి పీల్చే నోళ్లు నేలకు బాగా దగ్గర. ఒక్క రాయి లోపలికి పోతే చాలు, శత్రువుతో పని లేకుండానే కథ ముగిసేది.

పైగా 1948 నాటి ఒప్పందం వల్ల యుద్ధం మొదలయ్యేదాకా శ్రీనగర్‌లో మన యుద్ధవిమానాలను ఉంచలేదు. ఆ కొండలు, ఆ ఎత్తు, ఆ చలి అన్నీ సెఖాన్‌కు కొత్తే. (సునాబెడ చలికే మా శ్రీకాకుళం చుట్టాలు రెండో దుప్పటి అడుగుతారు.)

గాల్లోకి లేచాక ఘుమ్మన్‌కు సెఖాన్ విమానం మళ్లీ కనబడలేదు. సెఖాన్ చెట్ల ఎత్తులో ఒంటరిగా పోరాడి, చివరికి సంఖ్యాబలం ముందు ఓడిపోయారు. శకలాలు దొరికాయి, దేహం దొరకలేదు.

ఢిల్లీ వెళితే పాలంలోని వాయుసేన మ్యూజియంలో నాట్ ఉంటుంది. రెక్కలు తర్వాత చూడవచ్చు, ముందు వంగి ఆ గాలి నోళ్ల ఎత్తు చూడండి.