జీపీ గారి మనవరాలికి

అమ్మాయ్,

ప్రభుత్వ ప్లీడరుగా (జీపీ) చేసిన మీ తాతగారి మీద పుస్తకం రాస్తూ నువ్వు పంపిన నలభై పేజీలూ రెండుసార్లు చదివాను. జవాబు ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. మధ్యలో దాళ్వా మాసూళ్ళు, మా చెల్లెలి మనవడి పంచెల ఫంక్షను, అవయ్యాక నాకు జ్వరం.

నీకు రాయడం వచ్చు. ఇది మర్యాద కోసం అనడం లేదు. కోటిపల్లి రేవులో పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) కోసం సెషన్సు కేసు సాక్షులు నిలబడి ఉండే పేజీ ఉంది చూడు, అందులో ఒక చేత్తో చెప్పులు పట్టుకుని, సమన్ల కాగితం తడవకుండా తలపాగాలో దోపుకున్న ముసలాయన, ఆయన కోసమే మిగతాదంతా ఓపిగ్గా చదివాను. కానీ ఆయన పదిహేడో పేజీకి గానీ రాడు. అప్పటిదాకా మీ వాళ్ళే. ముత్తాత గారు కట్టించిన సత్రం, ఆయన తమ్ముడి జిల్లా బోర్డు మెంబరుగిరీ, ఏ ఇంటి పిల్లని ఏ ఇంటికిచ్చారు, ఎన్ని పుట్ల ధాన్యం వచ్చేది. మొదటి పదకొండు పేజీలూ తీసెయ్. మీది పెద్ద కుటుంబమని చెప్పడానికి అంత అక్కర్లేదు. తాతగారు కోర్టుకెళ్ళే రిక్షా అతను ఎప్పుడూ డబ్బు అడిగేవాడు కాదు, సంక్రాంతికి వచ్చి ధాన్యం కొలిపించుకుని వెళ్ళేవాడు అని ముప్పై రెండో పేజీలో ఎక్కడో మూలకి రాశావు. ఆ ఒక్క ముక్క చాలు, ఊళ్ళో మీ స్థాయేమిటో, ఎవరు ఎవరికి బాకీయో అందరికీ తెలిసిపోతుంది.

నేనెందుకింత ధాటిగా చెబుతున్నానంటే, మా నాన్న ఇరవై ఎనిమిదేళ్ళు ప్లీడరు గుమాస్తాగా చేశాడు. రాజమండ్రి ఇన్నీసుపేటలో. కట్టలు మొయ్యడం, వాయిదాలు డైరీలో ఎక్కించడం, కాపీ అప్లికేషన్లు వెయ్యడం, పల్లెటూరి నుంచి వచ్చిన పార్టీకి, అంటే కక్షిదారుకి, హోటల్లో పెసరట్టు పెట్టించి కోర్టులో ఏం చెప్పాలో నేర్పడం (ఈ చివరిది ఇంట్లో ఎప్పుడూ ఒప్పుకోలేదు). ఆయన దృష్టిలో ప్లీడర్లు రెండు రకాలే. గుమాస్తాకి ఒకటో తారీఖున జీతమిచ్చేవాళ్ళు, పార్టీ ఇచ్చినప్పుడు ఇచ్చేవాళ్ళు. మీ తాతగారి గుమాస్తా ఎవరు? నీ నలభై పేజీల్లో ఆయన లేడే. ఉన్నాడో లేడో, ఉంటే ఏ ఊళ్ళో ఉన్నాడో, పోతే పిల్లలెక్కడున్నారో ముందు అది కనుక్కో. ఆయన ఇంట్లో దొరికే సంగతులు మీ హాల్లో గోడ మీద ఫోటోల్లో దొరకవు.

ఇంకొకటి, చిన్నదే గానీ కోర్టు తెలిసినవాడు చదివితే అక్కడే పుస్తకం మూసేస్తాడు. ఒకచోట తాతగారిని జీపీ అన్నావు, ఒకచోట పీపీ, ఇంకోచోట ఏపీపీ. జీపీ అంటే గవర్నమెంట్ ప్లీడరు, సివిల్ దావాల్లో ప్రభుత్వం తరపున నిలబడేవాడు. పీపీ, అంటే పబ్లిక్ ప్రాసిక్యూటరు, సెషన్సు కోర్టులో, క్రిమినల్ కేసుల్లో. మన జిల్లాల్లో ఈ రెండూ ఒక్కరే చూసిన రోజులూ ఉన్నాయి, అందుకే జనం రెండింటినీ కలిపేస్తారు. ఏపీపీ (అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటరు) వేరు, మేజిస్ట్రేటు కోర్టులో చేసే జీతగాడు, సొంత ప్రాక్టీసు పెట్టుకోకూడదు. జీపీ, పీపీలు మాత్రం ప్రాక్టీసులో ఉన్న ప్లీడర్లే, ప్రభుత్వానికి వ్యతిరేకంగా కేసు పట్టకూడదు అంతే. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడు ప్రకారం పీపీ కావాలంటే కనీసం ఏడేళ్ళ ప్రాక్టీసు ఉండాలి, సెషన్సు జడ్జిని సంప్రదించి కలెక్టరు పేర్ల జాబితా తయారుచేస్తాడు, అందులోంచి ప్రభుత్వం వేస్తుంది. 2024 జులై 1 నుంచి ఆ కోడు పోయి కొత్త సంహిత వచ్చింది, కానీ తాతగారి కాలానికి పాతదే రాయి. జాబితాలోకి పేరు ఎలా ఎక్కుతుందన్నది చట్టంలో ఒకలా, ఊళ్ళో ఒకలా ఉంటుంది. పెద్దింటి పిల్లాడికి ఆ పదవి ప్రతిభ వల్ల వచ్చిందా, పలుకుబడి వల్ల వచ్చిందా అని నువ్వు తేల్చక్కర్లేదు. రెండూ కలిసే వచ్చి ఉంటుంది. దాచకు, అంతే.

అసలు విషయానికొస్తాను. మామూలు ప్లీడరు గురించి రాయడం తేలిక, ఆయనకి పార్టీలుంటారు, వాళ్ళు ఏడుస్తారు, దండం పెడతారు, ఫీజు ఎగ్గొడతారు. ప్రభుత్వ ప్లీడరుకి అలా ఎదురుగా కూర్చునే పార్టీ ఎవరూ ఉండరు. వకాలత్ (నా తరపున వాదించమని పార్టీ ఇచ్చే కాగితం) మీద సంతకం పెట్టే మనిషే లేడు, హాజరవుతున్నానని ఒక మెమో పడేస్తే సరిపోతుంది. మన పాత తూర్పు గోదావరిలో ఇంకో తమాషా, కలెక్టరు కాకినాడలో, జిల్లా జడ్జి రాజమండ్రిలో. దావా పడితే దాని మీద పేరావారీ రిమార్కులు, అంటే ఒక్కో పేరాకి ప్రభుత్వం చెప్పే జవాబు, తాలూకా ఆఫీసు నుంచి రావాలి, వాటికోసం ఉత్తరం మీద ఉత్తరం, ఈలోపు తాసిల్దారు బదిలీ, కొత్తాయనకి ఫైలు దొరకదు, ఇక్కడ జడ్జి గారు 'కౌంటరేదండీ' అని మూడో వాయిదా. ఎక్స్‌పార్టీ డిక్రీ (మనవైపు వినకుండానే ఇచ్చే తీర్పు) అయిపోయాక గానీ అందరికీ మెలకువ రాదు. అప్పుడు ఆలస్యం మన్నించమని ఒక పిటిషను. మీ తాతగారి జీవితంలో సగం ఈ ఎదురుచూపే అయి ఉంటుంది. నువ్వేమో 'ఆయన వాదన వింటే కోర్టు హాలు గడగడలాడేది' అని రాశావు. ఏ వాదన? ఏ కేసు? ఎవరి మీద? గడగడలాడించే వాక్యం కొట్టేసి, రిమార్కులు రాని ఒక సోమవారం రాయి.

డెల్టాలో జీపీ ముందుకు వచ్చే కేసులు డెల్టా లాగే ఉంటాయి. లంక భూములు, అంటే ఏట్లో మేట వేసిన నేలలు, తీసుకో. గౌతమి ఈ గట్టున కోసేసి ఆ గట్టున మేట వేస్తుంది. నిన్నటిదాకా సాగులో ఉన్న నాలుగెకరాలు ఏట్లో కలిసిపోతే రైతు ఎదుటి మేట చూపించి అది నాదే, నది జరిపిందంటాడు. కాదు అది ప్రభుత్వానిది, వేలం వేసి కౌలుకిస్తాం అంటుంది రెవెన్యూ. జీపీ లేచి నిలబడి ప్రభుత్వానిదే అనాలి. 1984లో కరణాలు, మునసబుల పదవులు రద్దయ్యేదాకా ప్రభుత్వ సాక్షి కరణమే, అడంగలు (ఊరి భూముల సాగు లెక్క) పట్టుకుని బోనెక్కేది ఆయనే. ఆ కరణం పొద్దున్నే మీ ఇంటి అరుగు మీద కాఫీ తాగి వచ్చినవాడైతే? పెద్దింటి మనిషి ప్రభుత్వ ప్లీడరైతే వచ్చే చిక్కు ఇదీ. ఎదురు పార్టీ చుట్టం, సాక్షి చుట్టం, బల్ల ఇవతల నిలబడ్డవాడు చుట్టం.

భూసేకరణ కేసులూ అంతే. ఇళ్ళ స్థలాలకనో కాలవకనో భూమి తీసుకుంటారు, పరిహారం చాలదని రైతు అప్పటి 1894 చట్టం 18వ సెక్షను కింద కోర్టుకి పంపమంటాడు, ఎకరం ఎంత, కొబ్బరిచెట్టు ఒక్కొక్కటి ఎంత అని నెలల తరబడి లెక్క. అక్కడ జీపీ పని తన ఊరి భూమి చవకైనదని నిరూపించడం! నీ డ్రాఫ్టులో తాతగారు స్వయానా మేనమామ కొడుకుని క్రాస్ చేసినట్టు రెండు వాక్యాలున్నాయి. రెండే ఉన్నాయి. ఆ సాయంత్రం ఇద్దరూ ఒకే బస్సెక్కారా? ఆ ఏడాది పెళ్ళిళ్ళలో ఒకే బంతిలో కూర్చున్నారా? అక్కడ నాకు అయిదారు పేజీలు కావాలి.

అన్నిటికన్నా పెద్ద ఖాళీ సీలింగు (భూపరిమితి) దగ్గర ఉంది. 1970 నుంచి 1976కి ఒక్క గెంతు గెంతావు. ఎందుకో నాకర్థమైంది, నీకూ తెలుసు. 1973లో భూ సంస్కరణల చట్టం వచ్చింది, 1975 జనవరి 1 నుంచి అమల్లోకి. మాగాణి అయితే నేల తరగతిని బట్టి కుటుంబానికి 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట అయితే 35 నుంచి 54. ఎవరి భూమి వాళ్ళు డిక్లరేషన్ ఇవ్వాలి. 1971 జనవరి 24 తర్వాత జరిగిన బదిలీలు సీలింగు తప్పించుకోడానికి కాదని వాళ్ళే రుజువు చేసుకోవాలి. అందుకని గోదావరి జిల్లాల్లో పెద్దిళ్ళన్నీ ఆ తేదీ మీద కూర్చుని లెక్కలు కట్టాయి. పాలేరు పేరున, ఆడపడుచు పేరున, దేవుడి పేరున. తాతగారు అప్పుడు ప్రభుత్వం మనిషి. అటు ప్రభుత్వం ఎవరి భూమి మీదకొస్తోందో ఆ ఇంట్లోనే ఆయన రాత్రి అన్నం తింటున్నాడు. నువ్వు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్ళి మీ సర్వే నంబర్ల మీద ఈసీ (ఆ భూమి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం) తీయించు. దస్తావేజులు 1969వా, 1971వా? తేదీ చూస్తే చాలు. మీవాళ్ళ డిక్లరేషన్ అప్పీలుకి వచ్చినప్పుడు ఆయన తప్పుకుని ఇంకొకరికి అప్పగించారా, లేక ఆ రోజు సెలవు పెట్టారా? ఏం చేసినా నాకు సమ్మతమే. 'నిష్పక్షపాతి' అని విశేషణం తగిలించి దాటెయ్యకు, ఆ నెలలో ఆయనేం చేశారో రాయి, ఎలాంటి మనిషో చదివేవాళ్ళు అనుకుంటారు.

ఇది ఎందుకు నొక్కి చెబుతున్నానంటే నేనొకసారి ఈ తప్పు చేసి సిగ్గుపడ్డాను. ముప్పై ఏళ్ళ కిందట ఒక పెద్దాయన మీద, ఆయన కూడా ప్లీడరే, వాళ్ళ కుటుంబం అడిగితే జీవితచరిత్ర రాశాను. డబ్బు తీసుకున్నాను. శాలువా కూడా కప్పారు. సభ అయ్యాక ఒక ముసలి గుమాస్తా దగ్గరకొచ్చి, 'బాగుందండీ, మరి ఆ లంక కేసు రాయలేదేవండీ' అన్నాడు. ఏ లంక కేసని కూడా అడగలేకపోయాను, ఎందుకంటే నాకు తెలుసు. రాయొద్దన్నారు, రాయలేదు. ఆ పుస్తకం ఇప్పుడు నా బీరువాలో కూడా లేదు.

ప్రభుత్వ ప్లీడరు గుణం వాదనలో కన్నా ఒపీనియన్‌లో ఎక్కువ బయటపడుతుంది. కేసు ఓడిపోయాక ఇది అప్పీలుకి తగినదా కాదా అని రాసి పంపాలి. తగినదే అని రాస్తే ఎవరూ ఏమీ అనరు. తగినది కాదు, రైతుకి డబ్బు ఇచ్చెయ్యండి అని రాయడానికి వెన్నెముక కావాలి, పైవాళ్ళ నుంచి ఫోన్లొస్తాయి. ఇవ్వకపోతే ఏమవుతుందంటే, కొన్నేళ్ళకి రైతు డిక్రీ అమలు చెయ్యమని ఎగ్జిక్యూషన్ వేసి అమీనాని (కోర్టు జప్తు బంట్రోతుని) వెంటబెట్టుకుని ఆర్డీవో ఆఫీసు కుర్చీలు, జీపు జప్తుకొస్తాడు, అప్పుడు మళ్ళీ జీపీ గారే పరుగెత్తి గడువు అడగాలి. అలాగే కేసుల ఉపసంహరణ. ధర్నా కేసో రైల్‌రోకో కేసో ఎత్తేయమని జీవో వస్తుంది. అప్పటి క్రిమినల్ ప్రొసీజరు కోడు 321వ సెక్షను ప్రకారం వెనక్కి తీసుకోవాల్సింది పీపీయే, తన బుద్ధితో ఆలోచించి, కోర్టు ఒప్పుకుంటేనే. తాతగారు ఎన్నిసార్లు ఆలోచించారు, ఎన్నిసార్లు సంతకం పెట్టేశారు? ఆయన 1983లో పదవి వదిలేశారని ఒక్క ముక్కలో తేల్చావు. ఆ జనవరిలో రాష్ట్రంలో ప్రభుత్వం మారింది కదా. వదిలేశారా, వదిలేయమన్నారా? మూడేళ్ళకో అయిదేళ్ళకో పోయే కుర్చీలో కూర్చున్నవాడికి ఆ రోజు ఇంటికి రావడం ఎలా ఉంటుందో అది రాయి. మర్నాటి నుంచి పార్టీలు వస్తారో రారో తెలీని ప్లీడరు, వయసు యాభై దాటింది, ఇంట్లో దర్జా మాత్రం అలాగే ఉంది.

ఎక్కడ వెతకాలి అని అడిగావు. లా రిపోర్టుల్లో ఆయన పేరు కోసం వెతికి విసిగిపోయానన్నావు. చాలా తీర్పుల్లో ఎదుటి ప్లీడరు పేరు పూర్తిగా వేస్తారు, ఇటువైపు 'గవర్నమెంట్ ప్లీడర్' అని మాత్రమే ఉంటుంది. పేరుండదు. అది కూడా నీ పుస్తకంలోకి రావాల్సిందే. గౌతమీ గ్రంథాలయంలో పాత పత్రికలు తిరగెయ్యి. జిల్లా కోర్టులో పాత కట్టలు గడువు తీరాక నాశనం చేసేస్తారు, తీర్పులు మాత్రం నిలుస్తాయి, నంబరూ సంవత్సరమూ తెలిస్తే కాపీకి అర్జీ పెట్టొచ్చు. నంబర్లు తాతగారి వాయిదాల డైరీల్లో ఉంటాయి. ఆ డైరీలు గుమాస్తా రాసి ఉంటాడు, అందుకే ముందు ఆయన్ని వెతకమన్నాను.

ఇరవై తొమ్మిదో పేజీలో అత్యాచారం కేసులో అమ్మాయి పేరూ ఊరూ రాశావు. ఇవాళే కొట్టేయ్. అలాంటి పేర్లు అచ్చు వేయకూడదని 1983 నుంచి చట్టముంది, చట్టం లేకపోయినా రాయకూడదు. ఆవిడ బతికే ఉండొచ్చు, పక్క ఊళ్ళోనే మనవల్ని ఎత్తుకుని ఉండొచ్చు.

బీరువా తాళం మీ పెద్దత్తయ్య దగ్గరుంది, ఇవ్వడం లేదన్నావు. పొద్దున్నే వెళ్ళకు, పూజ హడావుడిలో కసురుకుంటుంది. మధ్యాహ్నం నిద్ర లేచి కాఫీ తాగాక వెళ్ళు. షుగరుందన్నావు కాబట్టి పూతరేకులు వద్దు, జాంపళ్ళు పట్టుకెళ్ళు. దస్తావేజుల సంగతి మొదట ఎత్తకు, రిక్షా అతని సంగతి అడుగు. ఆవిడే మొదలెడుతుంది. డైరీలు దొరికితే ఫోన్ చెయ్యి, దొరక్కపోయినా చెయ్యి, రాత్రి తొమ్మిది దాటాక మాత్రం ఎత్తను.