శాసనం మేం చదివాం, ఎవరి పేరున వేయాలి?

ప్రశ్న: మా ఊరి శివాలయం వెనక పొదల్లో ఉన్న తెలుగు శాసనాన్ని మేకలు కాసే ఒక పెద్దాయన చూపించాడు. నేనూ, మా బడి తెలుగు మాస్టారూ సగం చదివాం. బయటపెడితే ఇంకెవరో తమ పేరున వేసుకుంటారని అందరూ భయపెడుతున్నారు.
– ఒక టీచరు, పొదిలి

జవాబు: టీచరు గారూ, దాచకండి. దాచిన శాసనం ఎండకీ వానకీ అరిగిపోతుంది, చదివేవాళ్లకి అందదు.

ముందు అది ఇప్పటికే అచ్చయిందేమో చూడండి. మైసూరులోని కేంద్ర పురావస్తు శాఖ శాసన విభాగం వార్షిక నివేదికల్లో, దక్షిణ భారత శాసనాల సంపుటాల్లో ఊరి పేరుతో వెతకండి. పదో సంపుటం అచ్చంగా తెలుగు శాసనాలదే. అక్కడ లేకపోతే పొద్దుటి ఏటవాలు ఎండలో ఫొటోలు తీసి మైసూరుకు పంపండి. రాయికి సున్నం, నూనె మాత్రం పూయనివ్వకండి! కాగితం మీద అచ్చు తీసే పని వాళ్లకే వదిలేయండి.

పేరంటారా, ఇద్దరిదీ వేయండి. కడప, అనంతపురం జిల్లాల తెలుగు చోళుల శాసనాల్ని శాసనాల్ని అచ్చువేసే ‘ఎపిగ్రాఫియా ఇండికా’ పత్రిక 27వ సంపుటంలో నీలకంఠశాస్త్రి, ఎం. వెంకటరామయ్య కలిసే ప్రకటించారు. అంతటి పండితులే పంచుకున్నారు. ఆ పెద్దాయన పేరు కూడా, ఆయన ఒప్పుకుంటే, వ్యాసం మొదట్లోనే రాయండి. చివరి కృతజ్ఞతల్లో కాదు.

సగమే చదివామని ఆగొద్దు. తెలియని అక్షరాల చోట చుక్కలు పెట్టి, ఫొటో జతచేసి, చరిత్ర పరిశోధకుల సంఘమైన ఆంధ్రప్రదేశ్ హిస్టరీ కాంగ్రెస్ వార్షిక సమావేశంలో పత్రంగా చదవండి. శక సంవత్సరం కనిపిస్తే 78 కలిపి క్రీస్తు శకం కూడా పక్కనే ఇవ్వండి.