అద్దె ఇంట్లో పుస్తకాల అరలకు మరక పడకుండా లేబుళ్లు ఎలా పెట్టుకోవాలి?

ఓనర్ చేయించిన అలమరాలు, నిండా పుస్తకాలు, ఏ అరలో ఏముందో తెలియాలి, కానీ ఇల్లు ఖాళీ చేసే రోజున జిగురు మరకలు మిగలకూడదు. ఇదే కదా మీ ప్రశ్న. మేమూ అద్దె ఇళ్లు మారుతూ వచ్చినవాళ్లమే, పుస్తకాలు మా వెంటే తిరిగాయి, కాబట్టి చేసి చూసినవే చెబుతాను.

అన్నిటికంటే ముందు, లేబుల్ అర అంచుకు అంటించండి, పుస్తకానికి మాత్రం వద్దు. లైబ్రరీ పుస్తకం ఎన్నో చేతులు మారి మళ్లీ అదే చోటికి రావాలి కాబట్టి వాళ్లు దాని వెన్ను మీద నంబరు అంటిస్తారు, ఇంట్లో ఆ అవసరం లేదు. పైగా మన ఎండలకు జిగురు మెత్తబడి లేబుల్ అంచులు దాటి బయటికి పాకుతుంది, దానికి దుమ్ము పట్టి నల్లటి గీత పడుతుంది. మా మామగారి పుస్తకాల్లో కొన్నిటికి ఎప్పుడో సెలోఫెన్ టేపు వేశారు. ఇప్పుడా టేపు ఎండిపోయి గోరు తగిలితే ఊడి వస్తోంది, దాని కింది గోధుమరంగు మరక మాత్రం అట్ట దాటి లోపలి పేజీ వరకు దిగింది. దాన్ని పోగొట్టే దారి ఇంట్లో లేదు.

తర్వాత చూసుకోవాల్సింది మీ అర దేనితో చేశారన్నది. సన్‌మైకా అంచు అయితే అదృష్టవంతులు, ఏ రిమూవబుల్ లేబులైనా పట్టుకుంటుంది, శుభ్రంగా వచ్చేస్తుంది. స్టీలు ర్యాక్ అయితే జిగురు జోలికే వెళ్లకండి, అయస్కాంతపు షీటు కొని కత్తెరతో పట్టీలుగా కోసుకుని దాని మీద కాగితం అంటించుకోండి, ఎన్నిసార్లయినా జరుపుకోవచ్చు. చిక్కంతా గోడలో కడప బండలు పెట్టి సున్నమో డిస్టెంపరో కొట్టిన పాత గూళ్లతోనే. ఆ పొడి మీద ఏదీ నిలవదు, నిలిచిందంటే తీసేటప్పుడు రంగు పెచ్చుతో సహా వస్తుంది. అలాంటి చోట మందపాటి అట్టముక్కను నిలువుగా కోసి, మీద పేరు రాసి, పుస్తకాల మధ్య కాస్త బయటికి కనిపించేలా నిలబెట్టడమే మేలు. మేము ఒక గూటికి అలాగే చేశాం, నిజానికి అదే అన్నిటికంటే ఎక్కువ రోజులు చెక్కుచెదరకుండా ఉంది.

కొనేటప్పుడు ప్యాకెట్ మీద రిమూవబుల్ అని ఉందో లేదో చూడండి. మామూలు స్టిక్కర్ జిగురు రోజులు గడిచేకొద్దీ ఇంకా గట్టిగా పట్టుకుంటుంది, రిమూవబుల్‌ది అలా బిగుసుకోకుండా తయారుచేస్తారు. పోస్ట్-ఇట్ అనే అంటించి తీసే చిన్న చీటీల జిగురు 1968లో 3ఎం కంపెనీలో స్పెన్సర్ సిల్వర్ తయారుచేసింది, సన్నటి గోళాల్లా ఉండి అక్కడక్కడ మాత్రమే తాకుతుంది, అందుకే తేలిగ్గా ఊడుతుంది. కానీ ఆ చీటీలకు జిగురు ఒక అంచునే ఉంటుంది కాబట్టి అరకు అంటిస్తే ఫ్యాను గాలికి చుట్టుకుపోయి రాలిపోతాయి, వెనకంతా జిగురున్న లేబుళ్లే తీసుకోండి. మాస్కింగ్ టేపు చవకే, దాని మీద మార్కర్‌తో రాయడమూ సులువే, అయితే అది తాత్కాలికానికే. ఎండ తగిలే కిటికీ పక్కన నెలల తరబడి వదిలేస్తే దాని జిగురూ గట్టిపడుతుంది. పెయింటర్లు వాడే నీలం టేపు నయం, ఎన్ని రోజుల్లోపు తీసేయాలో చాలావాటికి రోల్ మీదే రాసి ఉంటుంది.

లేబుల్ ప్రింటర్ కొనాలనుకుంటే ఒక్క మాట. సన్న టేపు మీద రెండు వరుసలు కొడితే మన ఒత్తులు, గుడులు కలిసిపోయి ‘శాస్త్రం’ లాంటి మాట మరకలా కనిపిస్తుంది, ఒకే వరుసలో పెద్దగా కొట్టుకోండి. నాకైతే చేత్తో రాసిందే నచ్చుతుంది, మా అత్తగారికి కళ్లజోడు లేకుండా కనిపించేంత పెద్దగా రాస్తాను.

ఏం రాయాలన్నది అసలైన పని. విషయాన్ని బట్టి పుస్తకాలకు నంబర్లు ఇచ్చే లైబ్రరీల డ్యూయీ పద్ధతి ఇంట్లో పెట్టాలని చూడకండి. అందులో తెలుగు సాహిత్యమంతా 894.827 కింద పడుతుంది, మన ఇళ్లలో ముప్పాతిక పుస్తకాలు అవేనాయె, ఇక విడదీసినట్టేముంది? ఇంట్లోవాళ్లు నోటితో అనే మాటే లేబుల్ మీద ఉండాలి: నవలలు, కథలు, పద్యాలు, స్తోత్రాలు, పిల్లలవి, పరీక్షలవి. రచయితల అక్షరక్రమం పెట్టుకుంటే ఇంటిపేరా, కలం పేరా అన్నది ముందే తేల్చుకోండి. ఇంటిపేరు గుడిపాటి అని చలాన్ని ‘గ’లో, భాగవతుల అని ఆరుద్రను ‘భ’లో వెతకాలని ఇంట్లో ఎవరికీ తట్టదు, పుస్తకం మీద ఏ పేరుంటే అదే లెక్క అని మేము ఖాయం చేసుకున్నాం. సర్దిన వెంటనే పక్కా లేబుళ్లు రాయకుండా కొన్నాళ్లు టేపు మీదే నడిపించండి, ఈలోపు ఏ అర పొంగుతోందో, ఏది ఖాళీగా ఉందో తెలుస్తుంది.

ఇంకో రెండు లేబుళ్లు తప్పకుండా పెట్టుకోమంటాను. ఒకటి ‘తిరిగి ఇవ్వాల్సినవి’ అని చిన్న అరకు. రెండోది, ఎవరైనా పుస్తకం తీసుకెళ్తే ఆ ఖాళీ ముందు అంచున వాళ్ల పేరు, పుస్తకం పేరు, తేదీ రాసి అంటించే చీటీ. పుస్తకం వచ్చాకే దాన్ని తీస్తాం. ఇది మొదలుపెట్టాక మా ఇంట్లో పుస్తకాలు పోవడం బాగా తగ్గింది, అడగడానికి మొహమాటమూ పోయింది.

తీసేటప్పుడు ఎదురుగా లాగకండి, మూల పట్టుకుని వెనక్కి మడిచి అంచు వెంబడే నెమ్మదిగా లాగండి. మొండికేస్తే హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త వేడి చూపిస్తే చాలు. సన్‌మైకా మీద మిగిలిన జిగురుకు కొబ్బరినూనె రాసి కాసేపాగి గుడ్డతో తుడిస్తే పోతుంది, రంగు వేయని చెక్కకు మాత్రం నూనె తగలనివ్వద్దు, పీల్చుకుని అదే ఇంకో మరక అవుతుంది. ఏ లేబులైనా సరే ముందు తలుపు చాటున కనిపించని మూల ఒకటి అంటించి, ఒక వేసవి గడిచాక తీసి చూసి, ఆ తర్వాత మిగతా అరలకు వాడండి.