డీపీఎఫ్ లైటు ఊరికే వెలగదు

ప్రశ్న: మాది బీఎస్-6 లారీ. బంగారుపాళ్యం మార్కెట్ నుంచి గుజ్జు ఫ్యాక్టరీలకు తోతాపురి కాయలు తోలుతున్నా. డీపీఎఫ్ (డీజిల్ పొగలోని మసిని పట్టే ఫిల్టరు) లైటు మాటిమాటికీ వెలుగుతోంది. ఫిల్టరు పీకించెయ్యమంటున్నారు. టెన్షన్‌గా ఉంది. - ఓ లారీ యజమాని, చిత్తూరు

జవాబు: ఆ పని మాత్రం చేయించకండి. పొగ నిబంధనలకు అది విరుద్ధం, పైగా ఆ మసి రోడ్డు పక్కనున్న పిల్లల ఊపిరితిత్తుల్లోకే పోతుంది. ఫిల్టరులో చేరిన మసి కాలాలంటే దాదాపు 600 డిగ్రీల వేడి కావాలి. దగ్గర ట్రిప్పులు, ఫ్యాక్టరీ గేటు ముందు క్యూలో ఇంజిన్ ఆపకుండా నిలబెట్టడం... ఇక వేడెక్కేదెట్లా? లైటు పడగానే హైవే ఎక్కి, ఆగకుండా ఓ అరగంట తోలండి. అయినా ఆరకపోతే బండి నిలిపి రీజెన్ (మసిని కాల్చే) బటన్ నొక్కండి, పూర్తయ్యేదాకా ఇంజిన్ ఆపొద్దు. అప్పుడు సైలెన్సరు భగభగ మండుతుంటుంది. కాయల కింద పరిచే వరిగడ్డి రాలిన చోట మాత్రం వద్దే వద్దు! మసి కాలిపోయినా, ఫిల్టరులో చేరే ఇంజిన్ ఆయిల్ బూడిద ఎంత వేడికీ కాలదు, ఫిల్టరు విప్పి శుభ్రం చేయించాల్సిందే. అందుకే మాన్యువల్‌లో చెప్పిన తక్కువ బూడిద ఆయిలే పోయించండి.